ఒక అకౌంటు, రెండిళ్ళు

మధ్యాహ్నం రెండూ పావుకి నెట్ మళ్ళీ పోయింది. ఆ రోజుకి అది మూడోసారి.

గువ్వ అప్పుడు వంటగది గడప దగ్గర కూర్చుని అన్నం తింటోంది. బడి రిజిస్టర్లో ఆ పిల్లకి ఇంకో పేరుంది గానీ ఇంట్లో, వీధిలో అందరికీ గువ్వే. లోపలి గదిలో అప్పటిదాకా టకటకలాడుతున్న కీబోర్డు ఠక్కున ఆగిపోయింది. గువ్వ తల తిప్పి గోడ మీది నెట్ బాక్సు వైపు చూసింది. పచ్చ లైటు ఆరిపోయి ఎర్ర లైటు వెలుగుతోంది.

"పోయిందా అమ్మా?"

"పోయింది," అంది అమ్మ.

అంతే. సోమవారం పోయినప్పుడు అమ్మ "అయ్యో" అంది. మంగళవారం లేచి వైర్లన్నీ పీకి పెట్టింది. బుధవారం నెట్ కంపెనీ వాళ్ళకి పేరుపేరునా అక్షింతలు వేసింది. ఇవాళ గురువారం. తిట్టడానిక్కూడా ఓపిక లేదు. హెడ్‌ఫోన్స్ తీసి, తల బల్ల మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

అమ్మ పని గురించి మీకు చెప్పాలి. ఒక కాలేజీలో లెక్చరర్ పాఠం చెబుతుంటాడు. అమ్మ ఇంట్లో కూర్చుని ఆ పాఠాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటుంది. విన్నది విన్నట్టు గబగబా టైప్ చేసేస్తుంది. ఆ మాటలు అప్పటికప్పుడే క్లాసులో ముందు బెంచీ మీద కూర్చున్న ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లో కనపడతాయి. ఆ అమ్మాయికి చెవులు వినపడవు. లెక్చరర్ నోట్లోంచి వచ్చిన మాట అమ్మ వేళ్ళ మీదుగా ఆమె కళ్ళకి చేరుతుందన్నమాట. రెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది మాత్రం లేదు.

అమ్మ తల ఎత్తి ఫోన్ నెట్‌తో ప్రయత్నించింది. ఆ గదిలో సిగ్నల్ ఒక్క గీత వస్తే అదే గొప్ప. లెక్చరర్ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి, ఆ ముక్కలు కూడా ఆగిపోయాయి.

ఎనిమిది నిమిషాల తర్వాత పచ్చ లైటు వెలిగింది. తెర మీద ఆ అమ్మాయి రాసిన మాటలు కనపడ్డాయి. "అక్కా, ఉన్నారా?"

"ఉన్నాను. నెట్ పోయింది. సారీ," అని అమ్మ టైప్ చేసింది.

"పర్లేదు," అని వచ్చింది.

గువ్వ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. బడిలో నీళ్ళ పైపులు మారుస్తున్నారని ఆ వారమంతా ఒంటిగంటకే వదిలేస్తున్నారు. అమ్మ నీళ్ళు తాగి నీరసంగా నవ్వింది.

"నువ్వు ఇంట్లోకి కాలు పెట్టగానే నెట్ బయటికి కాలు పెడుతోందే. మీ ఇద్దరికీ ఏంటే గొడవ?"

గువ్వ కూడా నవ్వింది. అప్పటికి దానికి నిజంగానే ఏమీ తెలియదు.

మూడు దాటాక ఫోన్ మోగింది. కాలేజీలో ఈ పని చూసుకునే మేడమ్. అమ్మ మణికట్లు నొప్పిగా ఉన్నాయని ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"మీ పనికి వంక పెట్టను. కానీ నాలుగు రోజులుగా ఆ పిల్లకి సగం పాఠాలే అందుతున్నాయి," అందావిడ. "రేపు ఆఖరి క్లాసు. సోమవారం పరీక్ష. రేపు కూడా ఇలాగే అయితే నా చేతుల్లో ఏమీ ఉండదండీ. ఆ పిల్లకి ఇంకొకరిని చూడాల్సి వస్తుంది."

"సరేనండీ," అంది అమ్మ. ఫోన్ పెట్టేసి మణికట్లు రుద్దుకుంది.

"వేరే పని దొరకదా అమ్మా?" అని అడిగింది గువ్వ మెల్లగా.

"పనులు దొరుకుతాయి. రెండేళ్ళుగా ఆ పిల్ల చదువుతోంది నా వేళ్ళతోనే. పరీక్ష ముందు వదిలేస్తే ఎలా?" అంది అమ్మ.

నాలుగింటికి నెట్ అంకుల్ వచ్చాడు. భుజాన నిచ్చెన, చేతిలో సంచి, ఒళ్ళంతా దుమ్ము. పొద్దుట్నుంచి ఇది పదకొండో ఇల్లట. వచ్చీ రాగానే బూట్లు విప్పి గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నిచ్చెనెక్కి వైరు చూశాడు, దిగి బాక్సు చూశాడు, వైరు చివర కత్తిరించి కొత్త పిన్ను బిగించాడు.

"మేడమ్, వైరు బాగుంది. బాక్సు బాగుంది. బాగోలేనిది నా నడుమొక్కటే," అన్నాడు.

"మరి ఎందుకు పోతోంది బాబూ?"

అంకుల్ ఫోన్‌లో ఏదో తెరిచి చూశాడు. చూసి, కనుబొమలు పైకెత్తాడు.

"మీ అకౌంట్‌తో ఇంకో ఇంట్లో ఎవరో నెట్ వాడుతున్నారు."

"ఇంకో ఇంట్లోనా? అదెలా కుదురుతుంది?"

"మా కంపెనీ బాక్సు ఏ ఇంట్లో ఉన్నా సరే, అందులో మీ ఐడీ, పాస్‌వర్డ్ కొడితే మీ నెట్ అక్కడ వస్తుంది. కానీ ఒక సమయంలో ఒక్క ఇంట్లోనే. కుర్చీలాట చూశారుగా? కుర్చీ ఒక్కటే ఉందనుకోండి. వాళ్ళొచ్చి కూర్చుంటే మీరు లేవాలి. మీ బాక్సు ఊరుకోదు, మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. అప్పుడు వాళ్ళు లేవాలి. వాళ్ళ బాక్సు మాత్రం ఊరుకుంటుందా? ఇద్దరికీ తోపులాట."

"మధ్యాహ్నం పూటే ఎందుకు పోతోంది?"

"వాళ్ళ బాక్సు అప్పుడే ఆన్ చేస్తున్నట్టున్నారు. ఒంటిగంట దాటాక." అంకుల్ చెమట తుడుచుకున్నాడు. "మీ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా?"

"మేం ఎవరికీ ఇవ్వలేదే," అంది అమ్మ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. గువ్వ భుజాలు తడుముకోలేదు గానీ, ఎడమ మణికట్టుని గబుక్కున వెనక్కి దాచుకుంది. సోమవారం ఆ మణికట్టు మీదే పెన్నుతో ఐడీ, పాస్‌వర్డ్ రాసుకుంది మరి. సబ్బుతో కడిగితే అది ఆ రోజే పోయింది. అయినా దాచుకుంది.

జరిగిందేమిటంటే, గువ్వ స్నేహితురాలు పొట్టి పోయిన నెలే వీధి చివరి ఇంట్లోకి అద్దెకి వచ్చింది. క్లాసులో అందరికన్నా పొడుగు కాబట్టి ఆ పిల్లని అందరూ పొట్టి అంటారు. పాత అద్దెవాళ్ళు వదిలేసిన నెట్ బాక్సు వాళ్ళ గోడకి ఉంది. కొత్త కనెక్షన్‌కి మాత్రం ఇంకో పది రోజులు ఆగమన్నారు. సైన్స్ టీచర్ ఏమో రోజూ ఒక వీడియో చూసి నోట్స్ రాసుకురమ్మంటోంది. పొట్టి రెండు రోజులు వరసగా రాయకుండా వచ్చి, క్లాసులో నిలబడింది. అంత పొడుగు పిల్ల తల దించుకుని నిలబడితే గువ్వకి జాలేసింది.

"ఇదెంత పని," అనుకుంది. తమ ఇంట్లో బాక్సు పెట్టిన రోజు అంకుల్ ఏం నొక్కాడో పక్కనే నిలబడి చూసింది కదా. వెళ్ళి అదే చేసింది. ఎర్ర లైటు పచ్చగా మారితే పొట్టి ఎగిరి గంతేసింది.

పొట్టి వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. ఆ టైలరాంటీ మిషన్ ఆపి ఒక్క మాట అడిగింది. "మీ అమ్మకి చెప్పావా?"

"ఆఁ, చెప్పాను," అంది గువ్వ. చెప్పలేదు. చెప్పడానికేముంది, ఇస్తే అరిగేదా తరిగేదా అనుకుంది.

ఇప్పుడేమో అంకుల్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "పాస్‌వర్డ్ దొంగిలించారని దీంట్లో రాసి సంతకం పెట్టండి మేడమ్. ఆ బాక్సు నంబరు నా దగ్గరుంది. అది ఏ ఇల్లో రేపు ఆఫీసులో చూసి వాళ్ళ లైను కోసేస్తారు. ఇక కొత్త కనెక్షన్ అడిగినా ఇవ్వరు. కాగితం చేతికొచ్చాకే పాస్‌వర్డ్ మార్చగలను, అది రూలు. ఈ వీధిలో ఇంకా రెండిళ్ళున్నాయి, ఆరింటికి వచ్చి తీసుకెళ్తాను."

అమ్మ కాగితం అందుకుంది. గువ్వ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడింది.

అంకుల్ అటు వెళ్ళగానే ఇది ఇటు పరుగెత్తింది. దాని ఆలోచన ఒక్కటే. పొట్టి వాళ్ళ బాక్సులోంచి ఆ పాస్‌వర్డ్ తీసేస్తే సరి. నెట్ బాగుపడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

టైలరాంటీ కుట్టిన యూనిఫాంల గుట్ట మధ్య కూర్చుని ఉంది. ఆమె అత్తగారు, అంటే పొట్టి వాళ్ళ నానమ్మ, మంచం మీద ఫోన్ పట్టుకుని సీరియల్ చూస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో బొమ్మ ఆగిపోయింది.

"ఈ నెట్టూ మా కోడలి మిషనూ ఒక్కటే," అంది నానమ్మ. "తిరిగినంతసేపు తిరిగి, మంచి సమయం చూసి దారం తెంపుకుంటాయి."

పొట్టి నోట్స్ తెచ్చి చూపించింది. ప్రతి పేజీ కిందా టీచర్ పెట్టిన టిక్కు ఉంది. టైలరాంటీ పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి మాట్లాడింది.

"మీ అమ్మది పెద్ద మనసమ్మా. వచ్చి ఒక మాట చెబుదామంటే ఆదివారానికి అరవై జతలు ఇవ్వాలి, తలెత్తే తీరిక లేదు. నా మాటగా నువ్వే చెప్పు."

గువ్వ "ఊఁ" అంది. బాక్సు పక్కన స్విచ్ దాకా వెళ్ళింది. స్విచ్ మీద వేలు పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్ ఆపినా, పాస్‌వర్డ్ తీసేసినా, ఈ బాక్సు నంబరు అంకుల్ ఫోన్‌లో ఉంది. కాగితం ఆఫీసుకి వెళ్తుంది. రేపు ఎవరో ఈ ఇంటికి వచ్చి దొంగలంటారు. ఈ ఆంటీని. ఈ నానమ్మని. పొట్టిని.

గువ్వ వేలు తీసేసింది. "మళ్ళీ వస్తా," అని మెట్లు దిగింది. వచ్చేటప్పుడు పరుగెత్తిన కాళ్ళు వెళ్ళేటప్పుడు కదలనంటున్నాయి. ఆ వీధి అంత పొడుగుందని దానికి ఎప్పుడూ తెలియదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కాలేజీ నుంచి వచ్చిన రికార్డింగ్ పెట్టుకుని, పోయిన పాఠాన్ని మళ్ళీ టైప్ చేస్తోంది. పక్కనే ఆ కాగితం. సగం రాసి ఉంది.

"అమ్మా, అది రాయకు."

"ఏది?"

"దొంగతనం కాదు. నేనే ఇచ్చాను. పొట్టి వాళ్ళింట్లో."

అమ్మ హెడ్‌ఫోన్స్ తీసింది. గువ్వ అంతా చెప్పింది. మణికట్టు మీద రాసుకోవడం చెప్పింది. టైలరాంటీతో అబద్ధమాడింది కూడా చెప్పింది.

"నాలుగు రోజులు," అంది అమ్మ.

"నాకు తెలీదమ్మా. నిజంగా. ఇవాళే తెలిసింది."

"ఇవాళ నాలుగింటికి తెలిసింది. ఇప్పుడు ఐదున్నర."

గువ్వ తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట," అంది అమ్మ. కోపంగా కూడా అనలేదు, అలసటగా అంది. "ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేదే? నా క్లాసు అయ్యాక వాళ్ళని ఎంతసేపైనా వాడుకోమనేదాన్ని."

"సారీ అమ్మా."

"నాకిప్పుడు కోప్పడే ఓపిక లేదు. రేపు కోప్పడతాను. చెప్పులేసుకో, పద."

ఇద్దరూ వీధి చివరికి నడిచారు. అమ్మ గుమ్మం దగ్గరే ఆగి గువ్వ వైపు చూసింది. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు.

"ఆంటీ, అమ్మకి చెప్పానని అన్నాను కదా. చెప్పలేదు. ఆ నెట్ వల్ల అమ్మ పని ఆగిపోయింది," అంది గువ్వ.

మిషన్ ఆగింది. టైలరాంటీ ముఖం వాడిపోయింది. లేచి వెళ్ళి, తనే బాక్సు స్విచ్ ఆపేసింది. నానమ్మ ఫోన్ పక్కన పెట్టి, "అడక్కుండా తీసుకున్నవాళ్ళమయ్యామా చివరికి," అంది. ఎవర్నీ తిట్టలేదు. తిడితేనే బాగుండేదనిపించింది గువ్వకి. పొట్టి అయితే దాని వైపు చూడనే లేదు.

"మీరేం తప్పు చేయలేదండీ," అంది అమ్మ ఆంటీతో. "తెలీక జరిగింది."

ఆరింటికి అంకుల్ వచ్చాడు. అమ్మ కాగితం తిరిగిచ్చేసి సంగతి చెప్పింది. ఆయన గువ్వని ఎగాదిగా చూశాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇక నేనెంత," అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేశాడు. "ఇంట్లోవాళ్ళే ఇచ్చారంటే ఫిర్యాదు లేదు. పాస్‌వర్డ్ మారుస్తున్నా. ఈసారి ఎవరూ పక్కన నిలబడి చూడక్కర్లేదు."

గువ్వ ఎవరూ చెప్పకుండానే వంటగదిలోకి వెళ్ళి నిలబడింది.

ఆయన వెళ్ళిపోయాక అమ్మ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు ఒకసారి ముడిచి విప్పుకుంది. "ఆ పిల్లకి రోజూ నెట్ పోయిందనే చెబుతూ వచ్చాను. ఇప్పుడేం చెప్పను?" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

"నేను చెప్పనా?" అంది గువ్వ.

అమ్మ లేచి కుర్చీ ఖాళీ చేసింది.

గువ్వకి అమ్మలా టైప్ చేయడం రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టింది. "అక్కా, నేను మీకు టైప్ చేసే ఆవిడ కూతుర్ని. నెట్ దానంతటది పోలేదు. మా పాస్‌వర్డ్ అమ్మకి చెప్పకుండా ఇంకో ఇంట్లో పెట్టాను. అందుకే మీ పాఠాలు పోయాయి. తప్పు అమ్మది కాదు. సారీ అక్కా."

తర్వాత అక్షరాలు కనపడ్డాయి.

"అవునా? నేను ఇంకోలా అనుకున్నాను."

"ఎలా?"

"మీ అమ్మగారు నాకు టైప్ చేసి చేసి విసిగిపోయారేమో అనుకున్నా. నెట్ పోయిందని మర్యాదకి చెబుతున్నారేమో అనుకున్నా. మాటలు ఆగిపోతే ఎందుకు ఆగాయో నాకు తెలియదు కదా. చుట్టూ అందరూ రాసుకుంటూ ఉంటారు. నేను ఖాళీ తెర చూస్తూ కూర్చుంటాను."

గువ్వ ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఆ అక్క ఎలా ఉంటుందో కూడా దానికి తెలియదు. ఖాళీ తెర ముందు కూర్చున్న మనిషి మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడింది. చాలా సిగ్గేసింది.

వెనక నిలబడ్డ అమ్మ కూడా చదివింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"విసుగేం లేదు తల్లీ," అని రాసింది. "పోయిన పాఠాలన్నీ ఇప్పుడే పంపుతాను. సోమవారం ఎక్కడ ఆగిందో చెప్పు."

అమ్మ అలా టైప్ చేస్తూనే ఉంది. గువ్వ అన్నం వండింది, కాస్త మెత్తబడింది. గిన్నెలు కడిగింది. అమ్మ మణికట్లకి వేడినీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టింది. అమ్మ వద్దనలేదు, బాగుందని కూడా అనలేదు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆఖరి క్లాసు మొదలైంది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కీబోర్డు ఆగకుండా టకటకలాడుతోంది.

రెండింటికి పొట్టి వచ్చింది. పొద్దున బడిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పుడు నోట్‌బుక్కు, వాళ్ళమ్మ ఫోను పట్టుకుని మెట్ల మీద నిలబడింది. కాలి వేళ్ళు చూసుకుంటూ అడిగింది.

"రేపటికి గుండె బొమ్మ గీసుకురమ్మంది కదా టీచర్. ఒక్క వీడియో. ఐదు నిమిషాలే. మీ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చా?"

గువ్వ ఆలోచించింది. ఒకే ఇల్లు, ఒకే బాక్సు. ఐదు నిమిషాలే. ఏమీ కాదనే అనిపించింది.

సోమవారం కూడా దానికి అలాగే అనిపించింది.

"కాస్త ఆగు. అమ్మని అడగాలి," అంది.

"అడుగు మరి."

"క్లాసు అయ్యేదాకా ఆగాలి."

"ఎంతసేపు?"

"మూడింటిదాకా."

పొట్టి నిట్టూర్చి మెట్టు మీద కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది, తెరవలేదు. గువ్వ లోపలికొచ్చి గది తలుపు పక్కన నిలబడింది. కూర్చుంటే నిద్రొచ్చేస్తుందేమో అని భయం, రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. కాసేపు ఎడమ కాలి మీద, కాసేపు కుడి కాలి మీద నిలబడింది. లోపల కీబోర్డు ఒక్కసారి ఆగింది. గువ్వ చటుక్కున బాక్సు వైపు చూసింది. పచ్చ లైటే. లెక్చరర్ బోర్డు తుడిచాడు కాబోలు, కీబోర్డు మళ్ళీ మొదలైంది.

మూడూ అయిదుకి తలుపు తెరుచుకుంది. అమ్మ వేళ్ళు రుద్దుకుంటూ బయటికొచ్చి, ఎదురుగా నిలబడ్డ గువ్వని చూసి ఆగిపోయింది.

"ఏంటే ఇక్కడ నిలబడ్డావు? ఎంతసేపైంది?"

"అమ్మా, ఒకటి అడగాలి," అంది గువ్వ.